ఆగుతూ ఆగుతూ... ముదినేపల్లి దాకా!

హైదరాబాదు నుంచి మా ముదినేపల్లికి సుమారు మూడువందల ముప్ఫై కిలోమీటర్లు. పాతికేళ్ళుగా ఈ దారిలో తిరుగుతూనే ఉన్నాం. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి, పురుళ్ళకి, పరామర్శలకి... లెక్కపెడితే వంద ప్రయాణాలకి తక్కువుండవు. అయినా దారిలో ఏమేం ఉన్నాయని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగినవి నాలుగే. టోల్‌గేట్లు, సూర్యాపేటలో టీ, బెజవాడలో ట్రాఫిక్కు, గుడివాడ దాటాక చేపల చెరువులు!

కారణం ఏమిటంటే, మావారి కారు ఆగదు. "ఆరుగంటల్లో గుమ్మంలో ఉండాలి" అన్నది ఆయన పట్టుదల. పది నిమిషాలు ముందు చేరితే ఆ సంగతి నెలరోజులు చెప్పుకుంటారు. మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుండే ఉంటారు.

పోయిన మార్గశిరంలో మాత్రం అదే దారి రెండు రోజులు పట్టింది. దానికి కారణం మా అమ్మ. కాదు కాదు, అమ్మ తాగని మంచినీళ్ళు.

అసలు సంగతి

అమ్మకి ఎనభైరెండేళ్ళు. మోకాలి ఆపరేషన్ కోసం వచ్చి మా దగ్గర ఎనిమిది నెలలుంది. సింగరాయపాలెం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి తిరనాళ్ళ వేళకి తన ఇంట్లో ఉండాలని ఒకటే గొడవ. ఆ గుడి మా ముదినేపల్లి మండలంలోనే. "నన్నక్కడ దింపేసి మీ దారిన మీరొచ్చెయ్యండి" అంటుంది. సరే, బయల్దేరదామని నిర్ణయించాం.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం గమనించాను, అమ్మ మంచినీళ్ళు ముట్టడం లేదు. మాత్ర వేసుకోవడానికి ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. నా గుండె జారిపోయింది. ఎందుకంటే అంతకు నాలుగు నెలల ముందు అమ్మకి జ్వరం వచ్చి, మనిషి తికమకపడి, నన్ను పట్టుకుని "మీరెవరమ్మా?" అని అడిగింది. ఆస్పత్రికి తీసుకెళితే మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. పెద్దవయసులో ఆ జబ్బు ఒక్కోసారి నొప్పి, మంట అనే గుర్తులేవీ లేకుండా ఇలా తికమకగానే బయటపడుతుందట. నీళ్ళు తక్కువ తాగడం, వచ్చినప్పుడు ఆపుకోవడం రెండూ మానాలని డాక్టరుగారు మరీమరీ చెప్పారు.

"ఎందుకు తాగవే అమ్మా?" అని గట్టిగా అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. "దారిలో కారు ఆపమని అల్లుడుగార్ని ఎలా అడుగుతానే? పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ నాకిది అలవాటే. బస్సెక్కాలంటే ముందు రోజు నుంచే నీళ్ళు మానేసేదాన్ని."

ఆ మాట విని కోప్పడబోయి ఆగిపోయాను. ఎందుకంటే నేనూ అంతే చేస్తాను. కాలేజీకెళ్ళే మా అమ్మాయీ అంతే. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళం ఎవరూ నేర్పకుండానే ఒకే పాఠం నేర్చుకున్నాం. మీరూ ఒక్కసారి ఆలోచించుకోండి, దూరప్రయాణం ఉందంటే పొద్దున కాఫీ తర్వాత ఎన్ని గుక్కల నీళ్ళు తాగుతారు?

ముందుగదిలో పేపరు చదువుతున్న మావారికి ఇదంతా వినబడింది. లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అత్తయ్యగారూ, రేపు గంటన్నరకోసారి ఆగుతాం. మీరు అడగక్కర్లేదు. నేనే ఆపుతాను" అన్నారు. "ఎలాగూ ఆగుతాం కదా, ఆగినచోటల్లా ఏదో ఒక వింత చూద్దాం" అంది మా అమ్మాయి. అలా మొదలైంది మా యాత్ర.

వదలని నీడ

నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి నల్గొండ వైపు తిరిగాం. ఊరి అంచున పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి కుందూరు చోడుల కాలపు గుడి. మధ్యలో మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్ళు. అందులో ఒకదాంట్లో స్వామి మీద ఒక స్తంభం నీడ నిలువుగా పడుతూ ఉంటుంది. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా, సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ అక్కడే!

ఇది ఏ స్తంభం నీడ? మా అమ్మాయి ఒక్కో స్తంభం పక్కనే నిలబడి చూసింది. ఏదీ తేల్చలేకపోయింది. అది ఒక్క స్తంభానిది కాదట. బయటి వెలుగు ఒకేచోటు నుంచి కాకుండా మండపం పక్కల నుంచి చెదిరి లోపలికి వస్తుంది. వేరువేరు స్తంభాల నీడలు ఒకదానిమీద ఒకటి కలిసి, ఒకే స్తంభం నీడలా కనిపిస్తాయని చెబుతారు. ఎనిమిదివందల ఏళ్ళ కిందట ఈ లెక్క వేసిన శిల్పి ఎవరోగాని చేతులెత్తి మొక్కాలి.

అమ్మ మెట్టుమీద కూర్చుని సగం గ్లాసు నీళ్ళు తాగింది. "ఎవరిదో తెలీదు, ఎటు తిరిగినా వదలదు. మా అత్తగారిలాగానే ఉందే ఈ నీడ!" అంది. పక్కనున్న భక్తులు కూడా నవ్వేశారు.

రాతి మీద ఒక ఇల్లాలి పేరు

మళ్ళీ హైవే ఎక్కి సూర్యాపేట చేరాం. ఎప్పుడూ టీ తాగి వెళ్ళిపోయే ఊరే! అక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి ఉందని మాకు ఇన్నాళ్ళూ తట్టనేలేదు. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువుల ఊరది. శృంగార శాకుంతలం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రకవి ఇంటిపేరు ఈ ఊరిదే.

నల్లరాతి గుళ్ళు, అద్దాల్లా నునుపు పెట్టిన స్తంభాలు, వాటి మీద వేలి గోరంత శిల్పాలు. వాటిలో ఎరకేశ్వరాలయం దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. అది 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించిన గుడి. భర్త పేరున కాదు, తన పేరునే. "ఆవిడ పేరు శాసనం మీద ఉందా?" అని అడిగింది అమ్మ. ఉందన్నాను. "మా అమ్మ పేరు ఎక్కడా లేదే, రేషను కార్డు మీద తప్ప" అంది. నాకేమనాలో తోచలేదు. అమ్మమ్మ పేరు మా అమ్మాయికి తెలియదని అప్పుడే బయటపడింది. కారెక్కాక అమ్మ ఆ పేరుతోపాటు, అమ్మమ్మ పెట్టే ఆవకాయ సంగతీ, ఆవిడ ఈతకొట్టిన కాలవ సంగతీ కోదాడ దాకా చెబుతూనే ఉంది.

తాళంచెవి కథ

అన్నీ ఇలా సరదాగానే జరగలేదు. దారిలో ఒక పెద్ద పెట్రోలు బంకులో ఆగాం. ఆడవాళ్ళ బాత్రూముకి తాళం. చెవి మేనేజరు దగ్గర, మేనేజరు భోజనానికి. అమ్మ చేతికర్ర పట్టుకుని ఎండలో నిలబడింది. మావారు చెవి కోసం అటూ ఇటూ తిరిగి, గొడవపడి, చివరికి ఎలాగో తాళం తీయించారు. లోపల చూస్తే బకెట్టులో నీళ్ళు లేవు. ఆయనే రెండు బకెట్లు మోసుకొచ్చారు.

కారు కదిలాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నేళ్ళూ ఈ దారిలో ఇలాగే ఉందా?" అని అడిగారు. "మాకేం తెలుసండీ, మీరెప్పుడూ ఆపలేదుగా" అన్నాను. దెప్పడానికి కాదు, నిజంగానే నాకు తెలియదు.

వజ్రాల ఊళ్ళో ఆంజనేయుడు

నందిగామ, కంచికచర్ల దాటాక దూరం నుంచే కనిపిస్తాడు పరిటాల ఆంజనేయస్వామి. నూటముప్ఫై అయిదు అడుగుల విగ్రహం. 2003లో నిలబెట్టారు. ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లా మడపాంలో ఇంతకన్నా ఎత్తైన ఆంజనేయుడు వెలిశాడుగాని, బెజవాడ దారిలో పిల్లలకి "ఇంకొంచెం దూరమే" అని చెప్పే గుర్తు మాత్రం ఈయనే. ఇన్నాళ్ళూ కారులోంచే దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఈసారి దిగి పాదాల దగ్గర నిలబడ్డాం. మెడ నొప్పెడుతుంది, తల మాత్రం కనబడదు!

అక్కడికి ఎదురుగా చెట్టుకింద దుప్పటి పరుచుకుని పులిహోర పొట్లాలు విప్పాం. ఈ ఊరికి ఇంకో వింత కథుంది. ఇక్కడ వజ్రాల గనులుండేవి. చుట్టూ జిల్లాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసిన నిజాం, ఆ వజ్రాల మీద ఆశతో ఈ కాసిని ఊళ్ళనీ తన దగ్గరే ఉంచుకున్నాడు. అలా ఇంగ్లీషు రాజ్యం మధ్యలో పరిటాల ఒక నైజాం దీవిలా మిగిలింది. 1947లో దేశానికి స్వతంత్రం వచ్చినా వీళ్ళకి రాలేదు. దాంతో ఇక్కడి జనం తమకి తామే స్వతంత్రం ప్రకటించుకున్నారు. దాన్నే పరిటాల రిపబ్లిక్కు అంటారు. దసరా బొమ్మలకొలువులో పెట్టదగ్గ ఊరు కదూ!

కొలువు అంటే గుర్తొచ్చింది, ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకి తిరిగితే కొండపల్లి. ఇళ్ళ అరుగుల మీదే బొమ్మలు తయారవుతుంటాయి. తెల్లపొణికి అనే తేలిక కొయ్యని సెగ పెట్టి తేమ తీసేస్తారు. తల, చేయి, కాలు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. రంగులు వెయ్యడంలో ఎక్కువగా ఆడవాళ్ళ చెయ్యే. వంట చేస్తున్న ఇల్లాలు, నీళ్ళు మోస్తున్న ఇల్లాలు, తిరగలి విసురుతున్న ఇల్లాలు... వరసగా చూసి మా అమ్మాయి అడిగింది, "అమ్మమ్మా, కూర్చుని ఉన్న ఇల్లాలి బొమ్మ లేదా?" అని. బొమ్మల కొట్టావిడ పకపకా నవ్వి, "చేయిస్తానమ్మా, ఈసారి వచ్చేసరికి" అంది.

ఆ రాత్రి బెజవాడలో మా చిన్నాన్నగారింట్లో పడుకున్నాం. అప్పటికి అమ్మ ఆరు గ్లాసుల నీళ్ళు తాగింది. మా అమ్మాయి లెక్క రాసింది!

పారే నీళ్ళలోనే రంగు

మర్నాడు ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు. అక్కడ తొక్కుడు లడ్డు తీసుకోకుండా వెళితే అమ్మ ఊరుకోదు. శనగపిండి వేపుడిని దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మర్దించి చేసే ఈ బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

బందరు పక్కనే పెడన. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఆరుబయట బారులుగా ఆరేసిన గుడ్డలు. ఎరుపు, నలుపు, నీలం. కలంకారీ అచ్చులు! 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో గిడ్డంగి పెట్టుకున్నది ఈ వైపు గుడ్డల బేరం కోసమే. నేను ఇంట్లో పరిచే దుప్పటి ఇక్కడిదేగాని, ఎలా తయారవుతుందో అప్పటిదాకా చూడలేదు.

ముందు గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పుపట్టిన ఇనుమునీ బెల్లాన్నీ నీళ్ళలో పులియబెట్టి! ఎరుపు కావలసినచోట అద్దేది పటిక. అద్దినప్పుడు అది ఎర్రగా ఉండదు. తర్వాత రంగు నీళ్ళలో ఉడకబెడితే పటిక పడినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఈ మధ్యలో గుడ్డల్ని ఉతకాలి, అదీ పారే నీళ్ళలో. నిలవ నీళ్ళలో ఉతికితే వదిలిన పటిక మళ్ళీ గుడ్డ మీదే కూర్చుని మచ్చలు పడతాయి. "కాలవ నీరు ఆగితే మా పనీ ఆగుద్దండీ" అన్నాడు అద్దకం చేసే పెద్దాయన. అమ్మ రెండు దుప్పట్లు బేరమాడి కొంది. ఒకటి నాకట, రెండోది "అల్లుడుగారికి"!

పేరు చెప్పని దిబ్బ

గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ. ఇక్కడ ఒక పాత మట్టిదిబ్బ ఉంది. "చిన్నప్పుడు మమ్మల్ని ఆ దిబ్బ పేరు పలకనిచ్చేవాళ్ళు కాదు" అంది అమ్మ. నిజమే, ఆడదాన్ని తిట్టే మాట అది. లంజదిబ్బ. ఈ పేరు గుడివాడకే కాదు, ఘంటసాల, భట్టిప్రోలు దిబ్బలకీ ఉండేది. తవ్వి చూస్తే అవి బౌద్ధ స్తూపాలు! పురావస్తు శాఖవారి తరఫున అలెగ్జాండర్ రే ఈ మూడుచోట్లా పరిశీలించి 1894లో పుస్తకం వేశాడు. బుద్ధుణ్ణి మర్చిపోయిన జనం, ఎందుకున్నాయో తెలియని ఆ దిబ్బలకి ఒక చెడ్డ ఆడదాని కథ అంటగట్టారన్నమాట. ఆ మాత్రం మిగలడమే గొప్ప. పంతొమ్మిదో శతాబ్దంలో రోడ్లు వేసేటప్పుడు, కాలవ పనులు చేసేటప్పుడు ఈ ప్రాంతపు స్తూపాల ఇటుకలు పట్టుకుపోయి వాడేశారు.

"అయితే మనం వచ్చిన రోడ్ల కింద కూడా ఏ గుడి ఇటుకలో ఉండే ఉంటాయి" అన్నారు మావారు. అమ్మ కారులోంచే దిబ్బకి దణ్ణం పెట్టింది. "తెలీక అన్నాం తల్లీ" అంది. బుద్ధుణ్ణి తల్లీ అన్నందుకు మేమెవరం నవ్వలేదు.

మా గుమ్మం

గుడివాడ దాటితే ఇక మాదే. రోడ్డుకి రెండువైపులా చెరువులు, రొయ్యల గుంటల్లో గిరగిరా తిరిగే చక్రాలు, చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్ళు. 2022లో మా మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. అమ్మ మాత్రం ఇప్పటికీ "మా కృష్ణా జిల్లా" అనే అంటుంది.

తాళం తీసి, ఎనిమిది నెలల దుమ్ము దులిపి, పక్కింటి పిన్నిగారు తెచ్చిన బిందెలోంచి అమ్మ తన ఇత్తడి గ్లాసుతో నీళ్ళు ముంచుకుంది. గ్లాసుడూ గడగడా తాగేసి ఇంకో గ్లాసు ముంచుకుంది. ఎవరూ చెప్పకుండానే! షష్ఠినాడు పాలపొంగలి వండి, పిల్లల పేరున మొక్కు తీర్చుకుంది. అమ్మ ఒక్కర్తే ఎలా ఉంటుందన్న బెంగ నాకు తీరలేదు. పక్కింటి పిన్నిగారు రెండుపూటలా వచ్చి చూస్తానన్నారు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఫోను చేస్తున్నాను. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఎన్ని గ్లాసులు తాగావే?"

తిరుగు ప్రయాణంలో మేం ముగ్గురమే. ఇక అత్తగారు లేరు కాబట్టి మళ్ళీ ఆరుగంటల పందెమే అనుకున్నాను. నందిగామ దాటాక ఎవరూ అడక్కుండానే కారు పక్కకి తీశారు. వెనక సీట్లోంచి ఫ్లాస్కు తీసి నా చేతిలో పెట్టి, "పొద్దుట్నుంచి నువ్వు నీళ్ళు తాగలేదు" అన్నారు.

మీరూ బయల్దేరుతున్నారా?

* గంటన్నర, రెండు గంటలకోసారి ఆగాలని ఇంట్లోనే మాట అనుకోండి. పెద్దవాళ్ళు నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాకూడదు.

* పెట్రోలు బంకుల్లో వినియోగదారులకి మంచినీళ్ళు, మరుగుదొడ్డి, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలి. మొహమాటపడకుండా అడగండి. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కి ఫోను చెయ్యవచ్చు.

* ఒక చిన్న బకెట్టు, చెంబు, సబ్బు, పాత తువ్వాలు కారు డిక్కీలో పడేసుకోండి. మాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినవి ఇవే.

* పులిహోరకి అన్నం పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక పులుసు కలపండి. వేడిమీద కలిపి మూతపెడితే చెమ్మ పట్టి త్వరగా పాడవుతుంది. పులుసు నూనె తేలేదాకా ఉడకాలి.

* పెరుగన్నం పులవకుండా ఉండాలంటే మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది.

* ఓపిక ఉంటే ముదినేపల్లి దాటి కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళండి. అక్కడ గూడబాతులు గుడ్లు పెట్టుకోవడానికి నీళ్ళలో ఇనప మంచెలు కట్టారు. చలికాలం పొద్దున్నే వెళితే పక్షులు ఎక్కువగా కనిపిస్తాయి.